సున్నా దగ్గరే పాఠం ఆపేస్తే ఎలా?

మా ఫస్టియర్ ఫిజిక్స్ నోట్సులో సూపర్‌కండక్టర్లకు దక్కింది రెండు పేజీలు. 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా చల్లబరిచాడు, రెసిస్టెన్స్ మాయమైంది. తర్వాత మైస్నర్ ఎఫెక్ట్, టైప్ వన్, టైప్ టూ, 1957 నాటి బీసీఎస్ థియరీ, చివర్లో అప్లికేషన్స్ అని రాసి ఒక మాగ్లెవ్ రైలు. అయిపోయింది. ఐదు మార్కుల ప్రశ్నకు సరిపడా సరుకు. ఏ జూనియర్‌ని ఆపి సూపర్‌కండక్టర్ అంటే ఏంటని అడిగినా "జీరో రెసిస్టెన్స్" అని ఠక్కున చెప్పేస్తాడు.

ఆ జవాబు తప్పని నేను అనట్లేదు. అక్కడే ఆగిపోతున్నామనేదే నా గొడవ. సున్నా అనేది చాలా పిసినారి జవాబు. లోపల ఏం జరుగుతోందో ఒక్క ముక్క కూడా బయటపెట్టదు. గత పదిహేడు, పద్దెనిమిదేళ్లుగా ఇనుము ఉన్న సూపర్‌కండక్టర్ల చుట్టూ పెద్ద చర్చ నడుస్తోంది. అందులో ముఖ్యమైన సాక్ష్యాల్లో కొన్ని కరెంటు కొలిస్తే దొరికినవి కావు, వేడిని కొలిస్తే దొరికినవి. ఆ కథ మన రెండు పేజీల్లో లేదు. ఉండాలి, అదీ మన సీఎస్ఈ వాళ్ల నోట్సులో తప్పకుండా ఉండాలి అని నా వాదన.

ముందు ఒక చిన్న ప్రశ్న. కరెంటుకు ఏ అడ్డూ చెప్పని ముక్క వేడిని ఎలా పంపుతుంది? హాస్టల్లో దొరికిన వాళ్లనల్లా అడిగాను. దాదాపు అందరూ "ఇంకా బాగా పంపుతుంది" అన్నారు. అలా అనుకోవడంలో తప్పేం లేదు, ఎందుకంటే మామూలు లోహాల్లో లెక్క అదే. కాగుతున్న చారులో స్టీలు గరిటె వదిలేస్తే కాసేపటికి చెయ్యి పెట్టలేం, చెక్క తెడ్డయితే ఏం కాదు. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లే కరెంటునూ మోస్తాయి, వేడినీ మోస్తాయి. ఈ రెండింటి నిష్పత్తి, ఒక ఉష్ణోగ్రత దగ్గర, లోహాలన్నింట్లో దాదాపు ఒకేలా ఉంటుందని వీడెమాన్, ఫ్రాంజ్ అనే ఇద్దరు 1853లోనే చూపించారు. అప్పటికి ఎలక్ట్రాన్ అనే మాటే పుట్టలేదు.

సూపర్‌కండక్టర్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఎలక్ట్రాన్లు జంటలు కట్టి అన్నీ కలిసి ఒకే క్వాంటమ్ స్థితిలోకి వెళ్తాయి. వేడి అంటే గజిబిజి, ఒక్కొక్కటి ఒక్కో తీరున కదలడం. అన్నీ ఒకే లయలో ఉన్న గుంపు దగ్గర పంచడానికి గజిబిజి ఎక్కడిది? జంటలు కరెంటును మోస్తాయి కానీ వేడిని మోయవు. వేడి మోసే పని జంట విడిపోయిన ఎలక్ట్రాన్లకు, స్ఫటికంలోని కంపనాలకు మిగులుతుంది. చల్లబరిచే కొద్దీ ఆ రెండూ తగ్గిపోతాయి. అందుకే బాగా చల్లారిన సీసం తీగ కరెంటుకు రాజమార్గం, వేడికి మాత్రం మూసిన గేటు. పక్కన అయస్కాంత క్షేత్రం పెట్టి సూపర్‌కండక్టివిటీని చెడగొడితే గేటు తెరుచుకుంటుంది, తీసేస్తే మూసుకుంటుంది. అతిశీతల ప్రయోగాల్లో దీన్ని నిజంగానే వేడికి స్విచ్‌లా వాడతారు.

ఇదేదో పుస్తకాల్లో మిగిలిపోయిన వింత కాదు. జెనీవా దగ్గర సెర్న్ వాళ్ల పెద్ద యాక్సిలరేటర్‌లో అయస్కాంతాలకు వేల ఆంపియర్ల కరెంటు పంపాలి. బయట గది వేడి, లోపల ద్రవ హీలియం. రాగి తీగలు మాత్రమే వేస్తే కరెంటుతో పాటు వేడి కూడా లోపలికి దిగుతుంది. అందుకని చల్లటి వైపు భాగంలో సూపర్‌కండక్టర్ టేపులు పెట్టారు, అలాంటి లీడ్‌లు వెయ్యికి పైగా ఉన్నాయి. అంత దూరం ఎందుకు, 2025 మేలో అమరావతి క్వాంటమ్ వ్యాలీకి ఐబీఎం వాళ్ల 156 క్యూబిట్ల యంత్రం వస్తుందని ప్రకటించారు కదా. ఆ వార్త వచ్చిన వారమే మన క్లాసులో సగం మంది క్వాంటమ్ సర్టిఫికెట్ కోర్సుల లింకులు వెతికారు. సంతోషమే. అలాంటి యంత్రాల్లో చిప్ ఉండేది సున్నా కెల్విన్‌కు వందో వంతు డిగ్రీ పైన. ఇలాంటి ఫ్రిజ్‌లలో అట్టడుగు అంతస్తుల మధ్య సిగ్నల్ తెచ్చే కేబుళ్లను చాలా చోట్ల నయోబియం-టైటానియంతో చేస్తారు. సిగ్నల్ నష్టపోదన్నది ఒక కారణం, పై అంతస్తు వేడి కిందికి దిగదన్నది రెండోది. నోట్సులో మొదటిది ఉంది, రెండోది లేదు. (నయోబియం అనగానే ఏ విదేశమో అనుకోకండి, ఈసీఐఎల్ వైపున్న మన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారు చేస్తారు.)

ఇప్పుడు ఇనుము దగ్గరికి వద్దాం.

పాత నియమం ఒకటుండేది: సూపర్‌కండక్టర్ కావాలంటే అయస్కాంతత్వానికి దూరంగా ఉండు. ఇలాంటి పదార్థాలు ఎన్నో కనిపెట్టిన బెర్న్‌డ్ మత్తియాస్ పేరు మీద ఒక నియమాల చిట్టా తిరుగుతుంటుంది. అయస్కాంతాలు వద్దు, ఆక్సిజన్ వద్దు, ఇన్సులేటర్లు వద్దు, చివరగా థియరిస్టులు అసలే వద్దు. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లతో ఆక్సిజన్ నియమాన్ని తుడిచేశారు. ఇక ఇనుము అంటే అయస్కాంతాలకే తాత, జంటల్ని విడగొట్టడంలో ముందుంటుందని అందరి నమ్మకం. టోక్యోలో హిదేవో హొసోనో బృందం వెతుకుతున్నది అసలు సూపర్‌కండక్టర్ల కోసం కాదు, కొత్త రకం సెమీకండక్టర్ల కోసం. 2006లో ఇనుము, ఫాస్ఫరస్ ఉన్న ఒక పదార్థం నాలుగైదు కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అయింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2008 మొదట్లో ఫాస్ఫరస్ చోట ఆర్సెనిక్ పెట్టి కొంచెం ఫ్లోరిన్ కలిపితే 26 కెల్విన్ వచ్చింది. ఆ తర్వాత రెండు మూడు నెలల్లోనే చైనా ల్యాబులు లాంథనం బదులు సమేరియం వాడి 55 దాకా లాగేశాయి. అదే ఏడాది తైవాన్‌లో ఇనుము, సెలీనియం రెండే ఉన్న పదార్థం దొరికింది. ఫార్ములా చూస్తే ఇంటర్ కెమిస్ట్రీ బిట్‌లా ఉంటుంది, లోపలి కథ మాత్రం ఇంకా తేలలేదు.

తేలనిది ఏంటంటే, జంటల్ని కలుపుతున్న జిగురు ఏది? పాత లోహాల్లో అది స్ఫటిక కంపనాలని 1957లోనే తేలింది. ఇనుము వాటిలో అయస్కాంతత్వమే, శత్రువు అనుకున్నదే, జంటలు కడుతోందని 2008లోనే చాలా మంది లెక్కలు వేశారు. ఎవరు కరెక్టో చూడాలంటే జంటల రూపం తెలియాలి. ఒక జంటను విడగొట్టడానికి కావాల్సిన కనీస శక్తిని గ్యాప్ అంటారు. ఆ గ్యాప్ అన్ని దిశల్లో ఒకేలా ఉందా, కొన్ని దిశల్లో సున్నా అవుతోందా? ప్రశ్నంతా ఇదే.

మన భాషలో చెప్తాను. హాస్టల్ కాంపౌండ్ గోడే గ్యాప్ అనుకోండి. చుట్టూ పది అడుగుల గోడ ఉంటే రాత్రి రెండు గంటలకు ఎవరూ బయట ఉండరు. గోడ ఎక్కడో ఒకచోట కూలి నేలమట్టమైతే, ఎంత చలి రాత్రయినా ఒకరిద్దరు బయట కనిపిస్తారు. గోడను కళ్లతో చూడక్కర్లేదు, బయట ఎవరైనా ఉన్నారా అని లెక్కపెడితే చాలు. ఆ బయట తిరిగే వాళ్లే విడి ఎలక్ట్రాన్లు, ఆ సందుల్నే నోడ్‌లు అంటారు. కరెంటు కొలిస్తే ఈ లెక్క దొరకదు. గోడకు సందు ఉన్నా లేకున్నా జంటలు కరెంటు మొత్తాన్నీ మోసేస్తాయి, మీటర్ మీద అదే సున్నా. జంటలు మోయలేనిది వేడి ఒక్కటే. అందుకే వేడిని పంపి చూస్తే బయట తిరిగే వాళ్లు పట్టుబడతారు.

ప్రయోగం చూడ్డానికి మరీ సాదాగా ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి స్ఫటికం. ఒక కొనను చల్లటి రాగికి బిగిస్తారు, రెండో కొనకు చిన్న హీటర్. మధ్యలో రెండు థర్మామీటర్లు. ఎంత వేడి పంపితే రెండు థర్మామీటర్లకు ఎంత తేడా వచ్చింది, అంతే కొలత. స్కూల్లో చదివిన ఉష్ణ వాహకత నిర్వచనాన్ని అలాగే బల్ల మీద పెట్టినట్టుంటుంది. తేడా ఒక్కటే, ఇదంతా సున్నా కెల్విన్‌కు ఇరవయ్యో వంతు డిగ్రీ పైన జరగాలి. నక్షత్రాల మధ్య ఖాళీ ఆకాశం 2.7 కెల్విన్. దానికన్నా యాభై రెట్లకు పైగా చల్లగా.

ఇప్పుడు మన సీఎస్ఈ వాళ్ల కోసం అసలు ముక్క. వేడిని స్ఫటిక కంపనాలు కూడా మోస్తాయి కదా, వాటిని తీసేయాలి. అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో ఎలక్ట్రాన్ల వాటా ఉష్ణోగ్రతకు అనులోమంగా తగ్గుతుంది, కంపనాల వాటా ఘనంలో తగ్గుతుంది. కొలిచిన వాహకతను ఉష్ణోగ్రతతో భాగించి, ఉష్ణోగ్రత వర్గానికి గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాలి. ఆ రేఖను సున్నా డిగ్రీల దాకా పొడిగిస్తే నిలువు అక్షాన్ని తాకే చోటు, అదే ఇంటర్‌సెప్ట్, ఎలక్ట్రాన్ల వాటా. ఇంటర్‌సెప్ట్ సున్నా అయితే గోడ నిండుగా ఉంది. సున్నా కాకపోతే సందు ఉంది. మెషిన్ లెర్నింగ్ క్లాసులో మొదటి వారం నేర్చుకున్న లీనియర్ రిగ్రెషనే ఇది. మనం ఇళ్ల ధరల డేటాసెట్ మీద ఫిట్ చేసి, ఇంటర్‌సెప్ట్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా వదిలేస్తాం. ఇక్కడ ఒక పదార్థం జాతకమంతా ఆ ఇంటర్‌సెప్ట్‌లోనే ఉంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. కంపనాల వాటా ఖచ్చితంగా ఘనంలోనే తగ్గుతుందని గ్యారంటీ లేదు. స్ఫటికం ఉపరితలం అద్దంలా నునుపుగా ఉంటే కంపనాలు దాని మీద పడి పరావర్తనం చెందుతాయి, అప్పుడు ఘాతం మూడు కాకుండా రెండుకూ మూడుకూ మధ్య ఎక్కడో పడుతుంది. ఘాతం ఎంతని తీసుకున్నామో దాన్నిబట్టి రేఖ వంగుతుంది, రేఖ వంగితే ఇంటర్‌సెప్ట్ జరుగుతుంది. మన మోడల్ ఎంపిక జవాబును మార్చేస్తోందన్నమాట.

ఇంత జాగ్రత్త పడ్డా మంచి ల్యాబులు కూడా ఒకే జవాబుకు రాలేదు. ఐరన్ సెలినైడ్ విషయంలో 2014లో క్యోటో వైపు బృందం ఎలక్ట్రాన్ల వాటా గట్టిగానే మిగిలిందని, నోడ్‌లు ఉన్నాయని చెప్పింది. 2016లో కెనడాలోని షెర్‌బ్రూక్ బృందం అదే పదార్థం మీద అదే కొలత చేసి, మిగిలింది చాలా స్వల్పం, నోడ్‌లు లేవు, గ్యాప్ మాత్రం ఒక చోట పెద్దగా ఒక చోట చిన్నగా రెండు రకాలుగా ఉందని చెప్పింది. ఒకే ఫార్ములా, వేర్వేరు స్ఫటికాలు. గోడ కూలలేదు కానీ ఒకచోట మోకాలెత్తుకు దిగిపోయింది, స్ఫటికంలో మలినాలు కొంచెం అటూ ఇటూ అయితే అది నేలను తాకవచ్చు, తాకకపోవచ్చు అని రెండింటినీ కలిపి అర్థం చేసుకునే దారి ఒకటుంది. నాకు ఆ దారి నచ్చింది. ఇద్దరిలో ఎవరూ నిర్లక్ష్యంగా కొలవలేదని ఒప్పుకుంటుంది కాబట్టి.

పొటాషియం, ఇనుము, ఆర్సెనిక్ ఉన్న ఇంకో పదార్థం కథ కూడా అంతే. 2012లో వేడి కొలతలు మలినాలు ఎక్కువున్న స్ఫటికంలో, తక్కువున్న స్ఫటికంలో ఇంటర్‌సెప్ట్ ఒకటే వచ్చిందని చూపించాయి. అది డి-వేవ్ అనే రకం లక్షణం, రాగి ఆక్సైడ్ల తీరు. అదే ఏడాది జపాన్‌లో లేజర్ కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి లాగి చూసిన వాళ్లకు నోడ్‌లైతే కనిపించాయి కానీ డి-వేవ్‌లో ఉండాల్సిన చోట్లలో కాదు. కోబాల్ట్ కలిపిన బేరియం రకంలో మరీ విచిత్రం: స్ఫటికం పొరల వెంట వేడి పంపితే ఏమీ మిగల్లేదు, పొరలకు అడ్డంగా పంపితే మిగిలింది. గోడకు సందు పైవైపు ఉందన్నమాట! కరెంటు పెట్టి చూస్తే వీటన్నింటికీ అదే సున్నా.

ఎస్-వేవ్, డి-వేవ్ అనే ఈ పేర్లు వింటే ఏదో దూరదేశపు భాషలా ఉంటుంది. ఆ పేర్ల వెనకున్నది గ్రూప్ థియరీ, అంటే స్ఫటికాన్ని ఎలా తిప్పినా ఏది మారదు, ఏది గుర్తు మార్చుకుంటుంది అనే లెక్క. ఆ లెక్కను భౌతికశాస్త్రానికి ఎలా వాడాలో నేర్పే పుస్తకం ఒకటి 1948లో వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. రాసింది సూరి భగవంతం, టి. వెంకటరాయుడు. తర్వాత దాన్ని విదేశాల్లోనూ అచ్చేశారు. భగవంతం చదివింది హైదరాబాద్ నిజాం కాలేజీలో, తర్వాత కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేశాడు, 1950లలో ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా కూడా ఉన్నాడు. ఆయన రోజుల్లో ఇనుము సూపర్‌కండక్టర్లు లేవు. కానీ ఈ చర్చ నడిచే భాషకు వ్యాకరణం రాసినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. మా డిస్క్రీట్ మ్యాథ్స్‌లో గ్రూప్ నిర్వచనం నాలుగు పాయింట్లు బట్టీ పట్టించారు, అది ఎక్కడ పనికొస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు.

"గివన్నీ మనకెందుకు తమ్మీ, ప్లేస్‌మెంట్ల అడుగుతరా?" అని ఒక సీనియర్ అన్న అన్నాడు. అడగరు. న్యాయమైన మాటే, కొట్టిపారేయను. మూడో సంవత్సరంలో ఇంటర్న్‌షిప్ లేకపోతే ఇంట్లో వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో నాకూ తెలుసు. కానీ నేను అడుగుతున్నది ఇంకో సబ్జెక్టు కాదు. రెండు గంటలు. మాగ్లెవ్ బొమ్మకిచ్చే టైమే.

ఆ రెండు గంటలు లేకపోతే ఏమవుతుందో 2023 జులైలో చూశాం. కొరియా నుంచి ఎల్‌కే-99 అనే పదార్థం వార్త వచ్చింది. గది ఉష్ణోగ్రత కాదు, 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్‌కండక్టర్ అన్నారు. అయస్కాంతం మీద ఓ నల్లటి ముక్క ఒక పక్కకు లేచి ఉన్న వీడియో ప్రతి గ్రూపులో తిరిగింది. లేచింది కాబట్టి మైస్నర్, రెసిస్టెన్స్ పడింది కాబట్టి జీరో. నోట్సులో ఉన్న రెండు టిక్కులూ పడ్డాయి, ఇంకేం కావాలి? కొన్ని వారాల్లో అసలు విషయం బయటికొచ్చింది. ముక్క లేవడానికి కారణం మామూలు అయస్కాంత గుణం, రెసిస్టెన్స్ పడడానికి కారణం అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ వాళ్లు తయారుచేసి చూసినప్పుడు కూడా సూపర్‌కండక్టివిటీ కనిపించలేదు. రెండు పేజీల నోట్సుతో ఆ వీడియోను ప్రశ్నించడం కుదరదు. "సరే, మరి వేడి కొలతలు ఏమంటున్నాయి? ముక్క మొత్తం మారిందా, ఏదో ఒక మూల మారిందా?" అని అడగాలంటే సున్నా తర్వాతి పాఠం విని ఉండాలి.

ఇంకో అభ్యంతరం ఫిజిక్స్ మేడమ్ ఒకరు చెప్పారు, అదే నాకు గట్టిదనిపించింది. తేలిపోయిన విషయమైతే ప్రశ్న ఇచ్చి మార్కులు వేయొచ్చు. తేలని విషయానికి కీ ఎలా తయారు చేయాలి? నిజమే, పరీక్ష పెట్టలేరు. అందుకే దాన్ని థియరీలో కాకుండా పైథాన్ ల్యాబ్‌లో పెట్టమంటాను. ఉష్ణోగ్రత, వాహకత అని రెండు కాలమ్‌ల డేటా ఇవ్వండి. ఘాతం మూడని పెట్టి ఒకసారి, రెండున్నర అని పెట్టి ఒకసారి, దాన్ని కూడా ఫిట్‌కే వదిలేసి ఇంకోసారి ఇంటర్‌సెప్ట్ తీయమనండి. మూడు జవాబులు వస్తాయి. ఏది నమ్ముతావు, ఎందుకు, అని పది లైన్లు రాయమనండి. మార్కులు ఆ పది లైన్లకు. పక్కవాడిది కాపీ కొట్టినా ‘ఎందుకు’ అన్న చోట దొరికిపోతాడు. ఏఐ టూల్‌కిచ్చినా ఫిట్ చేసి ఇస్తుంది కానీ, వైవాలో నిలబడి ఆ ఘాతాన్ని సమర్థించుకోవాల్సింది మనమే.

పైగా మన కాలేజీ ఉన్న చోటు చూడండి. మొయినాబాద్ నుంచి శంకర్‌పల్లి మీదుగా వెళ్తే కందిలో ఐఐటీ. ఇటు గచ్చిబౌలి వైపు వెళ్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, దాని పక్కనే గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్యాంపస్. ఏదైనా గంట, గంటన్నర. ఇండస్ట్రియల్ విజిట్ పేరుతో ఏటా బస్సులు తీస్తున్నాం, సాఫ్ట్‌వేర్ కంపెనీ లాబీలో ఫొటోలు దిగి వస్తున్నాం. ఈసారి ఒక్క బస్సు ఫిజిక్స్ ల్యాబుల వైపు తిప్పమని అడుగుదాం. ద్రవ హీలియం మన దేశానికి దాదాపు మొత్తం దిగుమతే, దాన్ని ఆవిరైపోకుండా ఎలా కాపాడుకుంటారో చూసినా చాలు, చల్లదనం ఎంత ఖరీదైన వస్తువో అర్థమవుతుంది.

ల్యాబ్ ఎక్సర్‌సైజ్ నమూనా ఒకటి, ఉత్తుత్తి డేటాతో సహా, తయారు చేసి పెట్టాను. రెండు పేజీలే వచ్చింది. వచ్చే సెమ్ పైథాన్ ల్యాబ్ లిస్టులో పన్నెండో ప్రయోగంగా పెట్టమని ఫస్టియర్ ఫిజిక్స్ వాళ్లనీ, మన డిపార్ట్‌మెంట్ వాళ్లనీ కలిపి అడగబోతున్నాం. క్లబ్బు రూమ్ గోడకు లెటర్ అంటించి ఉంది. ఇప్పటికి పదకొండు సంతకాలు పడ్డాయి, అందులో నలుగురు మెకానికల్ వాళ్లు.